పైకెగసిన గచ్చకాయ

వేసవి మధ్యాహ్నములందు వసారాలో చేరి బాలికలు అచ్చనగాయలాడుచుండగా మనమందరము చూచినవారమే. మనలో ననేకులు ఆడినవారమే. కొన్ని యూళ్లలో గులకరాళ్లతో నాడుదురు, కొన్నిచోట్ల గచ్చకాయలతో నాడుదురు. ఆట పేరు ఊరూరికి మారును గాని అందలి కీలకమొక్కటియే. ఒక కాయను పైకెగురవైచి, అది మరల క్రిందికి వచ్చులోపల నేలమీది కాయలను చేతితో నూడ్చి తీసికొని, ఆ చేతితోనే పైకాయను పట్టవలెను. ఒకటి, రెండు, మూడు అని యాట సాగినకొలది చేయి చేయవలసిన పని పెరుగుచుండును. పైకాయ యిచ్చు గడువు మాత్రము పెరుగదు. ఈ నెల ఆ గడువును గూర్చియే ముచ్చటింపదలచితిని.

బాలిక కాయను మూరెడెత్తు, అనగా సుమారు 45 సెంటీమీటర్లు, ఎగురవైచినదనుకొందము. అది చేతిని విడిచి మరల చేతికి వచ్చుటకు పట్టుకాలము సెకండులో పదింట ఆరు వంతులు మాత్రమే. ఈ గడువు చాలలేదు, దీనికి రెట్టింపు కావలయుననుకొన్నచో రెండు మూరలెత్తు వేసిన సరిపోవునని తోచును. సరిపోదు. రెట్టింపు కాలము కావలెనన్న నాలుగింతల యెత్తు, అనగా నాలుగు మూరలు, వేయవలెను. అంత యెత్తు వేసిన కాయ తిన్నగా చేతిలోనికి రాదు, ప్రక్కకు తొలగిపోవును. కనుకనే నేర్పుగల బాలిక కాయను దూలములకు విసరదు. తక్కువ యెత్తు వేసి చేతివాటమునే పెంచుకొనును. ఈ లెక్క నామెకెవ్వరు నేర్పలేదు. ఆడి యాడి చేయి తానే నేర్చుకొన్నది.

ఆట చూచుచున్న చిన్నపిల్ల యొకతె యడుగును: “అమ్మా, పైకి పోవుచున్న కాయ ఎందుకాగినది? ఆగినది మరల ఎందుకు క్రింద పడినది?” దీనికి మనమిచ్చు ప్రత్యుత్తరము సామాన్యముగా నొక్కటియే: “చేతి బలము తీరిపోయినది, పడినది.” వినుట కింపుగా నున్నది, చూచుటకు నిజమువలెనే యున్నది. కాని యిది తప్పు. చిన్ననాడు మనస్సున నాటిన యీ తప్పు ఎంత లోతుగా పోవునో చూడుడు. జాన్ క్లెమెంట్ అను పరిశోధకుడు అమెరికాలో ఇంజనీరింగు చదువ వచ్చిన విద్యార్థులకు, పైకెగురవేయబడిన నాణెము నొకదానిని బొమ్మగా జూపి, అది పైకి పోవుచుండగా దానిపై బనిచేయు బలములేవో గుర్తింపుడని యడిగి, వారి ప్రత్యుత్తరములను 1982 లో ప్రకటించినాడు. వారిలో చాలమంది చేతి బలమొకటి నాణెముతో కూడ పైకి పోవుచున్నదని చూపిరి. కళాశాలకు వచ్చినను వసారాలో విన్న మాట వదలలేదన్నమాట.

వారిని నవ్వుటకు వీలులేదు, ఏలన మహావిద్వాంసులును అట్లే తలచిరి. చేతిని విడిచిన వస్తువును చుట్టునున్న గాలియే త్రోయుచుండునని పూర్వము గ్రీకుదేశపు అరిస్టాటిల్ చెప్పెను. ఆరవ శతాబ్దమున అలెగ్జాండ్రియాలోని ఫిలోపోనసు, గాలి కాదు, విసరిన చేయి వస్తువునకొక శక్తిని అప్పగించును, అది క్రమముగా క్షీణించునని దిద్దెను. గెలీలియో సైతము పడుచువయస్సున, 1590 ప్రాంతమున పీసా నగరమందు ఉపాధ్యాయుడై యున్నప్పుడు, ఇట్టి యభిప్రాయమునే వ్రాసికొన్నాడు. మన చిన్నపిల్లకు మనము చెప్పు మాట ఆ వ్రాతకెంతో దూరము కాదు.

మరి నిజమేమి? చేతిని విడిచిన క్షణముననే చేతికిని కాయకును సంబంధము తెగిపోవును. చేతి బలమందు రవ్వంతయు కాయతో వెళ్లదు. కాయతో వెళ్లునది వేగము మాత్రమే. వేగము తనంతట తాను తరుగునది కాదు. పొడి చల్లిన క్యారమ్ బల్లపై బిళ్లను వ్రేలితో మీటినచో వ్రేలు వెనుకకు వచ్చినను బిళ్ల పరుగెత్తుచునే యుండును గదా. బల్ల యెంత నున్ననిదైన అంత దూరము పోవును. దాని నాపునది రాపిడియే గాని వ్రేలి బలము తీరుట కాదు. అట్లే గచ్చకాయ వేగమును దీయునది యొకటున్నది, అదియే భూమి యాకర్షణ. గాలి యడ్డును కొంత గలదు గాని, మూరెడెత్తునకు అది లెక్కింపదగినంత కాదు.

భూమి వస్తువులను దనవైపున కీడ్చుకొనునను మాట మన దేశమునకు క్రొత్తది కాదు. లీలావతీ గణితమువలన మన యిండ్లలో పేరు వినబడుచున్న భాస్కరాచార్యుడు 1150 లో రచించిన సిద్ధాంతశిరోమణిలో, భూమికి ఆకర్షణశక్తి గలదనియు, ఆకాశమందలి బరువైన వస్తువును అది తనవైపునకు లాగుకొనుననియు, అదియే మనకు పడుటగా దోచుననియు చెప్పినాడు. ఎంత కాలములో నెంత వేగము మారునో కొలిచి చూపుట గెలీలియోతో వచ్చినది. ఆయన వాలుపలకలపై గుండ్లను దొర్లించి, ఆ కాలములో సన్ననిధారగా కారిన నీటిని పట్టి తూచి, ఆ నీటి బరువుతో కాలమును లెక్కించినాడు. గడియారములు సరిగా లేని దినములలో నింతకంటె చక్కని యుపాయము మరియొకటి కానరాదు. ఆ ఫలితములు 1638 లో, ఆయన వృద్ధుడై, చూపు పోయి, గృహనిర్బంధమున నున్న కాలమున, లైడెను నగరమందు అచ్చుపడినవి.

ఆ కొలత యిది. భూమి యాకర్షణచే ప్రతి సెకండునకు వస్తువుయొక్క వేగము సెకండునకు 9.8 మీటర్ల చొప్పున మారును. మన లెక్క సులభముగా నుండుటకు దీనిని 10 అనుకొందము. ఒక బంతిని సెకండునకు 20 మీటర్ల వేగముతో నిట్టనిలువుగా పైకి వేసితిమి. ఒక సెకండు గడుచునప్పటికి పది తగ్గి, వేగము 10 మాత్రమే మిగులును. రెండవ సెకండు ముగియునప్పటికి మరి పది తగ్గి, సున్న యగును. అప్పటికి బంతి 20 మీటర్ల యెత్తున, అనగా ఎత్తైన కొబ్బరిచెట్టు తలయంత యెత్తున నుండును. మూడవ సెకండు ముగియునప్పటికి మరల పది. కాని పైకి పోవు వేగము మిగులలేదు గనుక ఆ పది క్రిందికి దిగు వేగమగును. నాలుగవ సెకండు చివర క్రిందికి 20 మీటర్ల వేగముతో బంతి మన చేతిలో పడును. భూమి చేసిన పనిని చూచితిరా? పైకి పోవునప్పుడు ప్రతి సెకండు పది తీసినది. క్రిందికి వచ్చునప్పుడు ప్రతి సెకండు పది చేర్చినది. రెండును ఒక్కపనియే. మొదటినుండి చివరవరకు క్రిందివైపునకే, అదే కొలతతో లాగుచున్నది. ఎక్కుట, దిగుట అను భేదము మనది, భూమికి లేదు.

మరి పైకొనయందు బంతి యాగిన యా క్షణము మాటయేమి? అక్కడ ఆకర్షణయు నాగునా? ఇచ్చటనే చాలమంది తడబడుదురు. గృహిణులమైన మనకిది సులభముగా దెలియవలెను. నెల మొదట చేతిలో నిరువది రూపాయలున్నవి, దినమునకు పది వ్యయము. రెండవదినము సాయంకాలమునకు సంచి సున్న. ఆ సాయంకాలము చేతిలోని పైకము సున్నయైనదని ఇంటివ్యయము కూడ సున్నయైనదా? మూడవనాడు పది రూపాయలు అప్పు పడితీరవలెను. సంచి సున్న యగుట వేరు, వ్యయ మాగుట వేరు. అట్లే బంతియొక్క వేగము సున్న యగుట వేరు, భూమి లాగుట మానుట వేరు. నిజముగా అక్కడ లాగుట మానినయెడల బంతి పడుటకు కారణమే యుండదు; ఉట్టిమీది కుండవలె అక్కడనే నిలిచిపోవును. పడుచున్నది గనుకనే ఆ క్షణమునను లాగబడుచున్నదని తెలియుచున్నది.

ఇదే లెక్కలో మరియొక వింత యున్నది. బంతి మొదటి సెకండులో 15 మీటర్లు ఎక్కినది, రెండవదానిలో 5 మీటర్లే యెక్కినది, మూడవదానిలో 5 దిగినది, నాలుగవదానిలో 15 దిగినది. అనగా నాలుగు సెకండుల ప్రయాణమున నడుమనున్న రెండు సెకండులు, సగముకాలము, పైనున్న 5 మీటర్లలోనే, ఎత్తులో నాలుగవవంతులోనే, గడచిపోయినవి. మూరెడెత్తు గచ్చకాయకును ఇదే వంతు: సగముకాలము పై జానెడులో సగమున గడపును. వాలీబాలు ఆడు బాలిక వలపైకెగిరి, గాలిలో నొక్కక్షణము నిలిచి బంతిని కొట్టినట్లు కనబడుట కిదియే కారణము. ఆమె యెచ్చటను నిలువలేదు. కాని యెగిరిన కాలములో సగము పైకొనకు సమీపముననే యున్నది గనుక మన కన్ను దానినే పట్టుకొన్నది.

బయలుదేరిన వేగముతోనే తిరిగివచ్చునను మాటను తల్లులు మరువరాదు. పిల్లలు చింతకాయలకును మామిడికాయలకును రాళ్లు రువ్వుదురు. పది మీటర్ల యెత్తునున్న కొమ్మను అందుకొనవలెనన్న, నిలువుగా విసరిన రాయి చేతిని విడుచునప్పుడు సెకండునకు 14 మీటర్ల వేగముతో, అనగా గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవలెను. కొమ్మకు దగులక తప్పిపోయిన రాయి, క్రింద తలయెత్తి చూచుచున్న తోడిపిల్లలపై ఇంచుమించు అదే వేగముతో దిగును. విసరినవాడు దెబ్బ కొమ్మకే యని తలచును; లెక్కలో కొమ్మకు దగులు దెబ్బకంటె క్రింద దగులు దెబ్బయే యెక్కువ.

ఇక గాలి మాట. దూదిపింజను పైకి విసరుడు, బెత్తెడెత్తు పోయి యాగిపోవును. ఈకలబంతిని బలముగా పైకి కొట్టుడు, రివ్వున పోయి మెల్లగా దిగును. పైకి పోవునప్పుడు భూమియు గాలియు రెండును కలిసి దాని వేగమును తీయుచున్నవి. దిగునప్పుడు భూమి లాగుచుండగా గాలి అడ్డుపడుచున్నది. అందుచే దిగుట కెక్కువకాలము పట్టును. గాలి చేయు నుపకారము మనము తలచినదానికంటె పెద్దది. కిలోమీటరెత్తునుండి పడు వానచినుకు గాలి లేనియెడల సెకండునకు 140 మీటర్ల వేగముతో మన తలలపై పడవలసినది. గాలి యడ్డుచే పెద్దచినుకు సైతము సెకండునకు 9 మీటర్ల ప్రాంతముననే దిగుచున్నది. లేనిచో వానలో తడియుట కొక్కరు మిగులరు.

కాని యీ యుపకారమును నమ్మి కొందరు చేయు దుడుకుపని యొకటున్నది. ఉత్తరదేశమున కొన్నిచోట్ల వివాహముల ఊరేగింపులలో తుపాకులను ఆకాశమువైపు కాల్చు దురాచారము గలదు. పైకి పోయినది పోయినట్లే యని వారి భావము కాబోలు. 1920 ప్రాంతమున అమెరికా సైన్యమునకు జెందిన మేజరు హ్యాచరు ఫ్లోరిడాలో తుపాకిని నిలువుగా గాల్పించి పరీక్షించినాడు. సెకండునకు సుమారు 820 మీటర్ల వేగముతో పోయిన గుండు గాలి యడ్డుచే వేగముడిగి, సెకండునకు 90 మీటర్ల వేగముతో తిరిగి నేలకు వచ్చునని ఆతడు అంచనా కట్టెను. తొమ్మిదింట నొకవంతుకు దిగిపోయినదిగదా యని సంతసింపరాదు. అదియును గంటకు 300 కిలోమీటర్లకు పైబడిన వేగమే. తలకు దగిలిన ప్రాణమునకే ముప్పు. నిలువుగా గాక ఏటవాలుగా కాల్చిన గుండు మరింత వేగముతో వచ్చి, కాల్చినవాని మొగమైన నెరుగని యేయింటి డాబాపైనో పడును. 2019 లో సవరింపబడిన ఆయుధముల చట్టము ప్రకారము వేడుకకై యిట్లు కాల్చి యితరుల ప్రాణములకు అపాయము కల్పించువారికి రెండేండ్లవరకు కారాగృహముగాని, లక్షరూపాయలవరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. పెండ్లిపెద్దలు చట్టమునకు భయపడిన మేలే. ఈ చిన్న లెక్కకు భయపడిన ఇంకను మేలు.

గాలియే లేనిచోట నెట్లుండును? 1971 ఆగస్టు 2వ తేదీన చంద్రునిపై నిలిచి డేవిడ్ స్కాట్ అను వ్యోమగామి యొక చేత సుత్తిని, మరియొక చేత డేగ యీకను పట్టి, రెండింటిని ఒక్కసారి విడిచెను. రెండును ఒక్కసారియే నేలను దాకినవి. బరువైనది ముందు పడుననునది గాలి మనకు నేర్పిన యపోహ. చంద్రునియాకర్షణ భూమియాకర్షణలో నారవవంతు మాత్రమే. మన బాలిక యక్కడ నదే చేతివేగముతో గచ్చకాయను వేసినచో అది మూరెడు గాక ఆరు మూరలు పోవును. సెకండులో పదింట ఆరువంతులలో గాక, మూడున్నర సెకండులు దాటిన పిమ్మట దిగివచ్చును. నేలనున్న కాయలన్నియు నేరుకొని, జడ సవరించుకొని, తీరికగా చేయి చాపవచ్చును. అచ్చనగాయలకు చంద్రలోకమున పస యుండదు.

చివరగా మన తెలుగింటి యాడపడుచును గూర్చి చెప్పకున్న నీ ముచ్చట కొరతపడును. గుంటూరు ప్రాంతమున జన్మించి, అమెరికాలోని హ్యూస్టను నగరమున పెరిగిన బండ్ల శిరీష 2021 జూలై 11వ తేదీన యూనిటీ యను వ్యోమవాహనమున మరి యైదుగురితో సుమారు 86 కిలోమీటర్ల యెత్తునకు పోయి వచ్చెను. ఆ వాహనపు యంత్రము పనిచేసినది సుమారొక నిమిషము మాత్రమే. తరువాత యంత్రమాగినది, వాహనము మాత్రము ఎక్కుచునే యున్నది. అనగా యంత్రము చేయి, వాహనము గచ్చకాయ. అప్పటినుండి లోపలివారు బరువు తెలియక తేలసాగిరి. ఆ తేలుచున్న సమయముననే శిరీష చిన్నగొట్టములలోని మొక్కలపై ఫ్లోరిడా విశ్వవిద్యాలయమువారి పరీక్ష యొకటి నడిపెను.

అంత యెత్తున ఆకర్షణ లేదు గనుక తేలిరని పలువురనుకొందురు. అక్కడ ఆకర్షణ తగ్గినది నూటికి మూడువంతులైనను కాదు. వాహనమును, అందలి మనుష్యులను, వారి చేతిలోని గొట్టములను భూమి యొక్కకొలతతోనే లాగుచున్నది గనుక ఒకరిపై నొకరు మోపవలసిన బరువు లేకపోయినది. అంతే. గచ్చకాయ తొర్రలో చీమ యుండిన, చేతిని విడిచినది మొదలు చేతిలో పడువరకు అదియు నట్లే తేలును. పైకొనయందు మాత్రమే కాదు సుమా! ఎక్కుచున్నప్పుడును, ఆగినట్లున్నప్పుడును, దిగుచున్నప్పుడును. శిరీషయు ఆమె తోడివారును ఎక్కుచుండగనే తేలుట మొదలిడిరి. మన చిన్నపిల్ల ప్రశ్నకు ప్రత్యుత్తరమదియే.

ఇంటనే దీనిని చూడగోరువారు చేతిఫోనుతో చూడవచ్చును. గోడకు దగ్గరగా కూర్చుండి, బాలిక చేయి యుండుచోట సుద్దతో నొక గీతయు, దానికి మూరెడుపైన మరియొక గీతయు గీయుడు. పైగీతకు 11 సెంటీమీటర్లు క్రింద మూడవగీత గీయుడు. కాయ పైగీతవరకు పోవునట్లు వేయించి, సెకండునకు 120 బొమ్మలు తీయునట్లు ఫోనును అమర్చి పటము పట్టుడు. కాయ గాలిలో నున్నంతసేపు 72 బొమ్మలు వచ్చును. వానిని ఒక్కొక్కటిగా జరుపుచు, కాయ మూడవగీతకు పైన నున్నవెన్నో పిల్లలచేతనే లెక్కింపజేయుడు. ఒకటి రెండు హెచ్చుతగ్గులుండవచ్చును గాని, 36 ప్రాంతమున రావలెను.